స్పీడ్‌వే బరిలో రెండు తరగతుల పిల్లవాండ్రు

బండలాగుడు పందెములలో గిత్తలను పండ్లనుబట్టి వేరుచేయుట మీరందఱును ఎఱిగినదే. పాలపండ్ల దూడను ఆరుపండ్ల గిత్తతో ఎవ్వరును పోటీకి నిలుపరు. పండ్లు పడినకొలది దాని విభాగము తానే మాఱును. అందు యజమాని కోరికకు గాని, పెద్దమనుష్యుల దయకు గాని తావు లేదు. మనుష్యుల విషయమున అట్టి పండ్లలెక్క లేదు. ఎవడు ఎప్పుడు పైతరగతికి తగినవాడగునో తేల్చుట, ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పిన నాకు ఎన్నడును సులభముగా నుండలేదు. ఈ చిక్కే ఇంగ్లండు దేశమున ఒక మోటారుసైకిలు పందెములో ఎట్లున్నదో కన్నులార చూచితిని. దానిని గూర్చియే నేటి ప్రసంగము.

మా మేనల్లుడు మాంచెస్టరు నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. ఒక వేసవిలో నేను వాని యింట నుండగా, సాయంకాలము నన్ను బెల్‌వ్యూ అను చోటనున్న క్రీడారంగమునకు తీసికొనిపోయెను. అది 2016లో కట్టినది. అచ్చట ఆడు పందెమునకు స్పీడ్‌వే యని పేరు.

బరి కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. దానిపై రాతిపొడి పఱచియుందురు. నలుగురు రౌతులు - మోటారుబండి నెక్కినవారినైనను రౌతులనుటకే నాకు మనసగుచున్నది - ఎడమచేతి వైపుగా నాలుగు చుట్లు తిరుగుదురు. అంతయు ఇంచుమించు ఒక్క నిముషములో ముగియును. బండికి 500 ఘన సెంటీమీటర్ల ఇంజను. త్రాగు పదార్థము పెట్రోలు కాదు, మెథనాలు. ఆ బండికి బ్రేకు లేదు. నేను మొదట ఈ మాట నమ్మక, మేనల్లునిచే రెండుమాఱులు చెప్పించుకొంటిని. తిన్నని దారిలో గంటకు నూటపది కిలోమీటర్ల దాక పోవు బండిని మలుపులో ఎట్లు త్రిప్పుదురనగా, వెనుకచక్రమును కావలెననియే జాఱనిచ్చి, ముందుచక్రమును కుడివైపునకు పట్టి, ఇనుపతొడుగు వేసిన ఎడమకాలిని నేలపై నానించి, బండి ప్రక్కవాటుగా జాఱుచుండగనే మలుపు దాటుదురు. ఏడుగురు జట్టు; పోటీకి పదునైదు పరుగులు; పరుగునకు ఒక్కొక్క జట్టునుండి ఇద్దఱు. మొదటివానికి 3 పాయింట్లు, రెండవవానికి 2, మూడవవానికి 1, కడపటివానికి సున్న. ఇదియే ఆట.

ఈ పందెము 1923లో ఆస్ట్రేలియాలోని వెస్ట్‌మెయిట్‌లాండు అను ఊర పేరెత్తినది. ఇంగ్లండులో లండనునకు చేరువనున్న ఎప్పింగ్ అడవిలో, హైబీచి అను చోట, 1928 ఫిబ్రవరి 19న వేలకొలది జనము దీనిని చూచిరి. మఱుసటి సంవత్సరమే జట్ల లీగులు పుట్టినవి. 1936 నాటికి పెద్దలీగు క్రింద ఒక చిన్నలీగు. యుద్ధము ముగిసిన పిమ్మట 1947లో మూడు తరగతులు. ఇంతవఱకు క్రమముగనే యున్నది. కాని 1965లో ఉన్న రెండు లీగులను ఒక్కటి చేసిరి. మూడేండ్లు గడచునప్పటికి క్రొత్తపిల్లలు తలచూపుటకు చోటు లేదని తెలిసి, 1968లో రెండవ తరగతిని మరల స్థాపించిరి. తిరిగి 1995లో పై రెంటిని కలిపివేసిరి, 1997లో విడదీసిరి. ఒక్కమాఱు పొరపడుట అందఱికిని కలదు; ముప్పదియేండ్ల పిమ్మట అదియే పొరపాటు చేసి, అదియే విధముగ దిద్దుకొనుట మన విద్యాశాఖలకు మాత్రమే చేతనగునని యనుకొంటిని. 2017 మొదలు పైలీగునకు ప్రీమియర్‌షిప్పు అనియు, దాని క్రిందిదానికి ఛాంపియన్‌షిప్పు అనియు పేళ్లు పెట్టిరి. వీటికిని అడుగున నేర్చుకొనువారి లీగు వేఱొకటి యుండెను.

ఇక ఆనాటి సంగతి. రెండవ పరుగు రిజర్వులది. అనగా ఇరుజట్లలోను చివర నిలుచు పిల్లవాండ్రది. ఇంటిజట్టువారికి ఎఱుపు, నీలము తలటోపీలు. వచ్చినవారికి తెలుపు, పసుపు. నీలపు టోపీవానికి పదునేడేండ్లకు మించవు. బరికి అడ్డముగా కట్టిన నాడాలు పైకెగసినంతనే నలుగురును దుమికిరి. మొదటి మలుపులో వాని వెనుకచక్రము మితిమీఱి జాఱినది. బండి ఒకవైపు, వాడొకవైపు. ఎఱ్ఱదీపములు వెలిగినవి. పరుగు నాపి, పడుటకు కారణమైనవాడు కనుక వానిని తొలగించి, తక్కిన మువ్వురతో మరల పెట్టిరి. వాడు లేచి, కాలు కుంటుచు బండిని త్రోసికొనిపోవుచుండగా, ఒక నడివయసువాడు ఎదురుపోయి, కుఱ్ఱవానిని పలుకరింపక మున్ను వంగి హ్యాండిలు సరిచూచెను. తండ్రి యని తెలిసినది.

"ఈ పిల్లవాడు క్రిందిలీగులో తన జట్టునకు పెద్దదిక్కు, మామయ్యా. శుక్రవారము వేఱొక యూరి బరిలో వీనిని గెలుచువారు లేరు. ఇక్కడ మాత్రము కడపటివాడు" అని మేనల్లుడు చెప్పెను.

ఒక్క పిల్లవాడే వారములో ఒకనాడు మూడవఫారములో మొదటివాడుగను, మఱొకనాడు ఐదవఫారములో చివరిబల్లపైనను కూర్చుండుట యన్నమాట! నేను నా ఉద్యోగకాలమున ఇట్టి యేర్పాటు చేయుటకు ఎన్నడును సాహసింపలేదు. అచ్చట ఇది శాసనసమ్మతమైన ఆచారము. క్రిందిలీగు జట్టును విడువకయే పైలీగు జట్టులోను కొలువు చేయవచ్చును. పిల్లవానికి పరుగులు దండిగా దొరకును, బరులు పరిచయమగును. కాని రెండు కొలువులకును వాడుకొను ఒడలు ఒక్కటే. సోమవారము మాంచెస్టరులో విఱిగిన జత్రువు శుక్రవారము గ్లాస్గోలో అతుకుకొని యుండదు.

రెండు తరగతులకును భేదమేమని యడిగితిని. వేగములో కొలుచుకొనదగినంత పెద్ద వ్యత్యాసము లేదట. క్రిందిలీగులో మొదట వెనుకబడినను, మూడవచుట్టులో ఎవడో యొకడు వెడల్పుగా పోయి సందు విడుచును, అందు దూఱవచ్చును. పైలీగులో ఆ సందు దొరకుట అరిది. నాడాలెగసిన క్షణమున క్లచ్చి విడిచిన వ్రేళ్లు, మొదటిమలుపు చేరులోపల ఎంచుకొన్న దారి - వీనితోనే పరుగు ముక్కాలుపాలు తేలిపోవును. కావున క్రింద పదినెలలు మొదటివాడై తిరిగినవాడు సందులు వెదకుటలో నేర్పరియగును గాని, సందులేని చోట ఏమి చేయవలయునో నేర్చుకొనడు. అది పైకిపోయి ఓడిననే వచ్చును.

ఇంతవఱకు న్యాయమే. అసలు మెలిక లెక్కలో నున్నది. శ్రద్ధగా వినుడు.

ప్రతి రౌతునకు ఒక సగటు కట్టుదురు. వాడు తెచ్చిన పాయింట్లను నాలుగుచే గుణించి, పరుగుల సంఖ్యచే భాగింతురు. తన జట్టువాని వెంబడినే వచ్చి, ప్రత్యర్థిని వెనుక నిలిపినవానికి ఒక తోడుపాయింటు కలదు. అది జట్టు లెక్కలో చేరదు గాని వాని సగటులో చేరును. ఒక పిల్లవాడు 40 పరుగులలో 30 పాయింట్లు తెచ్చెననుకొందము. 30ని 4చే గుణించి 40చే భాగించిన 3. ఇది వాని వెల. ఏ జట్టును ధనబలముచే మేటివారినందఱిని పోగుచేసికొనకుండుటకై, ఏడుగురి సగటుల మొత్తము ఇంతకు మించరాదని ఏటేట హద్దు విధింతురు. హద్దు 40 అని యూహింపుడు. మన పిల్లవాడు మఱుసటి యేడు చక్కగా పాటుపడి, అదే నలువది పరుగులలో 60 తెచ్చినచో, వాని సగటు 6. జట్టు మొత్తము మూడు పెరిగినది. తక్కినవారు ఉన్నచోటనే యున్నను హద్దు దాటును. ఎవనినో యొకని పంపివేయవలయును. ఎవనిని పంపుదురు? ప్రజలు చూడవచ్చు పేరుపొందిన రౌతును పంపరు. వృద్ధిపొందిన పిల్లవానినే పంపుట తఱచు. 3 సగటుతో చోటు దొరకినవానికి 6 సగటుతో చోటు దొరకదు!

నేను ఈ లెక్కను కాగితముపై వేసికొని చాలసేపు చూచితిని. హద్దు అన్యాయమని చెప్పజాలను. అది లేనిచో నాలుగు ధనవంతమైన జట్లు తక్క తక్కినవి మూతపడును. కాని బాగుగా చదివిన నేరమునకు బడి మాన్పించుట మఱెచ్చటను వినలేదు. ఇంకొక ముడియు కలదు. రిజర్వు పిల్లవాని సగటు పైవాని సగటును మించినయెడల, వారి స్థానములు మార్తురు. అంతవఱకు తనవంటివారితో రెండవపరుగు ఆడినవాడు, ఇకమీదట ప్రత్యర్థుల మేటివారితో తలపడవలయును. సగటు మరల జాఱును. పిల్లవాని మనసు జాఱకుండ చూచుకొనుట తండ్రి పని.

తండ్రి పని అంతటితో తీఱదు. జట్టు వీరికి బండి నీయదు. బండ్లు, విడి ఇంజను, టైర్లు, వానిని మోయు వ్యాను - సమస్తము రౌతు సొంతము. కూలి యన్ననో పాయింటునకు ఇంత యని. పడినవానికి పాయింటు లేదు. విఱిగిన బండికి ఖర్చు కలదు. పైలీగులో పాయింటు వెల యెక్కువ, దొరకుట తక్కువ. క్రింద వెల తక్కువ, దొరకుట యెక్కువ. కావున రెండుచోట్ల ఆడుట విద్యార్జనకే కాక, ఒకచోటి సంపాదనతో మఱొకచోటి నష్టమును పూడ్చుటకును పనికివచ్చుచున్నది.

త్వరగా నెగసినవారు లేకపోలేదు. పీటర్ కాలిన్స్ పదునేడవయేట, 1971లో, బెల్‌వ్యూవారి పిల్లజట్టు వంటిదైన రాక్‌డేల్‌లో రెండవ తరగతి పందెములు మొదలిడి, మఱుసటి యేటికే బెల్‌వ్యూలో స్థిరపడి, 1976లో ప్రపంచవిజేత యయ్యెను. డాన్ బ్యూలీ అను కంబ్రియా పిల్లవాడు 2017వ సంవత్సరమొక్కదానిలోనే బెల్‌వ్యూ పిల్లజట్టున అడుగులీగు, వర్కింగ్టనులో నడిమిలీగు, బెల్‌వ్యూ పెద్దజట్టున పైలీగు - మూడింటను ఆడెను. 2021లో మాంచెస్టరులోనే బ్రిటను ప్రపంచజట్టు కిరీటము గెలిచినప్పుడు రాబర్ట్ లాంబర్టు, టామ్ బ్రెన్ననులతోగూడ అతడుండెను. 1989 తరువాత వారికి అట్టి కిరీటము అదియే మొదటిది.

టై వాఫిండెన్ కథ వేఱు. 1990లో స్కన్‌తోర్పులో పుట్టి, ఆస్ట్రేలియాలోని పెర్తులో పెరిగి, 2006లో తిరిగివచ్చి స్కన్‌తోర్పున అడుగుమెట్టు త్రొక్కెను. రైహౌసులో రెండవ మెట్టు, వుల్వర్‌హాంప్టనులో పైమెట్టు. 2010లో పందొమ్మిదవయేటనే ప్రపంచ గ్రాండ్‌ప్రీ పందెములలో స్థిరస్థానమిచ్చిరి. ఆ జనవరిలోనే వాని తండ్రి గతించెను. ఆ యేడంతయు ఓటమియే. తరువాత రెండేండ్లు ఆ పందెములకు స్థిరస్థానము లేక గడిపి, 2013లో మరల పోయి, ప్రపంచవిజేతయై వచ్చెను; 2015, 2018లలోను గెలిచెను. 2010లో వానిని పైకి పంపినవారు తప్పు చేసిరా? నాకు అట్లే తోచును. మేనల్లుడు ఒప్పుకొనడు, ఆ యోటమి లేక ఆ గెలుపు లేదని వాని వాదము.

స్వదేశపు పిల్లలకు చోటు చాలుటలేదని 2014లో పైలీగు రిజర్వుస్థానములను వారికే కేటాయించిరి. కొన్నేండ్లకు దానిని విడిచి, 2021లో 'ఉదయతార' వంటి పేరుతో జట్టునకొక పిల్లవాని స్థానము మరల నేర్పఱచిరి. పోలండులో జట్టునకు ఇద్దఱు స్వదేశపు పిన్నవాండ్రు ఉండితీరవలయునను నియమము చాలకాలము నడచినది. అచ్చటినుండి మేటి రౌతులు వరుసగా వచ్చుచుండుట లోకవిదితము. నియమమును రెండేండ్లకొకమాఱు మార్చుటకంటె, సగము మంచి నియమమునైనను పట్టుకొనియుండుట పిల్లలకు మేలని నా అభిప్రాయము.

పైతరగతివారికిని క్రిందితరగతివారికిని గల బంధము లెక్కలతోనే తీఱునది కాదు. లివర్‌పూల్‌లో పుట్టిన పీటర్ క్రేవెన్ పదునాఱవయేట ఆ యూరి క్రిందితరగతి జట్టున మొదలుపెట్టి, బెల్‌వ్యూ చేరి, 1955లోను 1962లోను ప్రపంచవిజేత యయ్యెను. పొట్టివాడు, తూకము తప్పని నేర్పరి. 1963 సెప్టెంబరు 20న బెల్‌వ్యూ జట్టుతో ఎడింబరో పోయెను. ఎడింబరో అప్పుడు క్రిందిలీగు జట్టు. పరుగు నడుమ ఆ యూరి రౌతొకడు ఎదుట పడిపోగా, వానిపై బండి పోనీయక క్రేవెన్ ప్రక్కకు త్రిప్పి, కంచెను ఢీకొని, నాలుగవనాడు ప్రాణము విడిచెను. అప్పటికి వానికి ఇరువదితొమ్మిదేండ్లు. బ్రేకులేని బండికి త్రిప్పుట తప్ప వేఱుపాయము లేదని మొదటనే మనవిచేసితిని.

వాఫిండెన్ ఎక్కివచ్చిన రైహౌసు బరి 2018లో మూతపడినది. బ్యూలీ ఆడిన వర్కింగ్టను జట్టు అదే 2018లో నడిమిలీగు గెలిచియు మఱుసటి యేడు బరికి రాలేదు. వుల్వర్‌హాంప్టనులో 2023తో పందెములు ముగిసినవి. స్థలములు ఇండ్లకును వర్తకమునకును పోవుచున్నవి. సగటులు ఎంత చక్కగ కట్టినను మెట్లు తగ్గుచున్నవి.

ఆనాటి నీలపుటోపీ పిల్లవాడు మరల వచ్చెను. రెండవ పరుగులో సున్న, మూడవది కడపటివాడు. తరువాతిదానిలో తన జట్టువాని వెంట మూడవవాడై ఒక పాయింటును, ఒక తోడుపాయింటును తెచ్చెను. చివరిదానిలో ఒక్కటి. నాలుగు పరుగులకు మూడు పాయింట్లు, సగటు 3.00 అని నా చేతిపుస్తకములో వ్రాసికొంటిని. మఱుసటి శనివారము మేనల్లుడు పత్రిక చూచి చెప్పెను: క్రిందిలీగులో నాలుగు పరుగులకు పదునొకండు.