రెండు గడియారాల పొత్తు: నాగ్రా కథ

డప్పు మీద సిర్ర పడ్డాక ఓ క్షణం ఆగి చప్పుడు వినబడిందంటే, ఆ వీడియో ఎంత బాగా తీసినా చూడబుద్ధి కాదు. కెమెరా ఒక యంత్రం, రికార్డర్ మరొకటి. దేని గడియారం దానిదే. కచేరీలను తెరకెక్కించడంలో ఆ రెండింటికీ పొత్తు కుదర్చడమే అసలు తంటా. దాన్ని అందరికంటే బాగా తీర్చిన టేపు రికార్డర్ పెట్టె పేరు నాగ్రా.

దాని సృష్టికర్త స్టెఫాన్ కుడెల్‌స్కీ 1929లో వార్సాలో పుట్టాడు. యుద్ధం తరిమితే కుటుంబం చివరికి స్విట్జర్లాండ్ చేరింది. లొసాన్‌లో ఇంజనీరింగ్ చదువుతుండగానే 1951లో మొదటి నాగ్రా చేశాడు. అందులో టేపును తిప్పేది కీ ఇచ్చే స్ప్రింగు. రేడియో విలేఖరులు ఎగబడి కొన్నారు. 1950ల చివర్లో వచ్చిన నాగ్రా 3లో ట్రాన్సిస్టర్లు, నిలకడగా తిరిగే మోటారు అమరాయి. 12 టార్చి సెల్లతో నడిచే ఆ పెట్టెను భుజానికి తగిలించుకుని ఎక్కడికైనా వెళ్లొచ్చు.

సినిమా వాళ్ల బాధ వేరు. ఫిల్ము అంచున చిల్లులుంటాయి, కాబట్టి సెకనుకు 24 ఫ్రేములు లెక్క తప్పకుండా నడుస్తుంది. టేపుకు చిల్లుల్లేవు. జారుతుంది, సాగుతుంది. ఫ్రేముకు సుమారు 42 మిల్లీసెకన్లు. రెండు మూడు ఫ్రేములు తేడా వస్తే చాలు, పాటగాడి పెదవులు ఒకటి, గొంతు ఇంకొకటి అన్నట్టుంటుంది.

విరుగుడు ఇదీ: కెమెరాలో ఒక బుల్లి జనరేటర్ పెట్టి, అది పుట్టించే 50 సైకిళ్ల సంకేతాన్ని (అమెరికాలో 60) తీగ ద్వారా రికార్డర్‌కు పంపి, పాటతోపాటే టేపు మీదకు ఎక్కించారు. స్టూడియోలో ఆ సంకేతం సరిపోలేలా టేపు వేగాన్ని సర్దుకునేవారు. కరెంటుతో చేసిన చిల్లులన్నమాట! మరి ఆ గుయ్యిమనే శబ్దం పాటలో వినబడదా? కుడెల్‌స్కీ 1962లో తెచ్చిన నియో-పైలట్ పద్ధతి గడుసుతనం ఇక్కడే ఉంది. టేపు మధ్యలో రెండు సన్నటి జాడలు వేశాడు. ఒకదానిలో అల పైకి లేస్తే రెండోదానిలో కిందికి దిగుతుంది. టేపు వెడల్పంతా చదివే హెడ్‌కు రెండూ కొట్టుకుపోయి ఏమీ వినబడదు. సంకేతం కోసమే పెట్టిన హెడ్ మాత్రం దాన్ని పట్టేస్తుంది. నాకు ఆ యంత్రంలో అన్నిటికన్నా ముచ్చటగా తోచేది ఇదే.

మిగిలింది తీగ. స్టేజీ మీద వాద్యగాళ్ల కాళ్లకు అడ్డంపడే ఆ తాడును తెంచింది క్వార్ట్జ్ స్ఫటికం. కెమెరాకొకటి, రికార్డర్‌కొకటి పెడితే రెండూ విడివిడిగానే ఒకే తాళంలో నడుస్తాయి. ఈలోగా న్యూయార్క్‌లో డాక్యుమెంటరీలు తీసే పెన్నెబేకర్ వంటివాళ్లు 16 ఎంఎం కెమెరాలను తమకు తోచినట్టు మార్చుకుని భుజానికెత్తుకున్నారు. 1965లో గాయకుడు బాబ్ డిలన్ వెంట ఇంగ్లండంతా తిరిగి ఒక సినిమా, 1967లో మాంటెరే సంగీతోత్సవంలో మరొకటి తీశాడాయన. అప్పుడు కూడా 400 అడుగుల రీలు పదకొండు నిమిషాలకే అయిపోయేది. బ్యాండు వాళ్లు ఊపు మీదుండి పాట సాగదీశారో, కెమెరామన్ గోవిందా!

మన తెలుగు సినిమా ఈ గొడవలోకి పెద్దగా దిగలేదు. కెమెరా చప్పుడు చేస్తే చేయనీ, డబ్బింగ్‌లో చూసుకుందాం అనుకుంది. కథా చిత్రాలకు ఆ తెలివి చెల్లుతుంది. కానీ ఊళ్లో బ్యాండు పాటను మళ్లీ ఎవరితో పాడిస్తాం?

కుడెల్‌స్కీ 2013లో పోయాడు. ఇప్పుడు కాలేజీ బ్యాండును తీసే కుర్రాడి చేతిలో ఫోను, స్టేజీ దగ్గర అరచేతిలో ఇమిడే డిజిటల్ రికార్డర్. రెండింటిలోనూ స్ఫటికాలే, అయినా అచ్చంగా ఒకేలా ఉండవు. పది లక్షల్లో 20 వంతుల తేడా ఉందనుకోండి, గంటకు 72 మిల్లీసెకన్లు జరిగిపోతాయి. 25 ఫ్రేముల వీడియోలో దాదాపు రెండు ఫ్రేములు. అందుకని కచేరీ మొత్తానికి బొమ్మనూ శబ్దాన్నీ కలపడానికి మొదట్లో కొట్టే ఒక్క చప్పట్ల గుర్తు చాలదు, పాట పాటకూ సరిచూసుకోవాలి.

ఇంకో తకరారుంది, అందులో ఏ గడియారం తప్పూ లేదు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లే పోతుంది. జనం వెనక 34 మీటర్ల దూరంలో నిలబడి తీస్తే, ఫోనులో పడే డ్రమ్ము చప్పుడే పదో వంతు సెకను ఆలస్యం. ఎడిటింగ్‌లో ఆ ఫోను శబ్దాన్ని రెండున్నర ఫ్రేములు ముందుకు లాగాలి, లేదా దాన్ని పక్కనపెట్టి స్టేజీ దగ్గరి రికార్డింగే వాడుకోవాలి.