ఇంప్రెషనిస్టు చిత్రకళపై తొలి ఛాయాగ్రహణ ప్రభావం – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

దాగేర్ రూపొందించిన ఛాయాగ్రహణ విధానం 1839లో పారిస్‌లో బహిరంగమైంది. దృశ్యాన్ని ఉన్నదున్నట్లు నమోదు చేసే పనిని యంత్రం కూడా చేయగలదని దానితో రుజువైంది. కవి, విమర్శకుడు బోదలేర్ 1859 నాటి కళాప్రదర్శన సమీక్షలో, ఛాయాగ్రహణం శాస్త్రాలకూ కళలకూ పరిచారికగానే ఉండాలని వాదించాడు. తరువాత పదిహేనేళ్లకు, 1874 ఏప్రిల్ 15న, ఇంప్రెషనిస్టులుగా పేరు పొందనున్న చిత్రకారుల తొలి ప్రదర్శన మొదలైంది. ఛాయాచిత్రకారుడు నాదార్ అంతకుముందు స్టూడియోగా వాడుకొన్న గదులే దానికి వేదిక. ఈ సాన్నిహిత్యాన్ని బట్టి ఛాయాచిత్రం చిత్రకళను ప్రభావితం చేసిందనడం సులభం. అయితే ఆ ప్రభావం అనుకరణా, ప్రేరణా, ప్రతిస్పందనా అన్నది విడిగా తేల్చవలసిన విషయం. చలనం, చట్రం, వర్ణం అనే మూడు అంశాల ఆధారంగా ఈ వ్యాసం దానిని పరిశీలిస్తుంది.

2. చలనం

దాగేర్ 1838లో తీసిన బులవార్ ద్యు తాంప్ల్ వీథి చిత్రంలో జనసంచారం కనిపించదు. పలక కాంతిని గ్రహించడానికి నిమిషాల కొద్దీ పట్టడం వల్ల కదిలే బండ్లు, మనుషులు దానిపై నిలువలేదు. బూట్లు మెరుగు పెట్టించుకొంటూ నిలబడిన వ్యక్తి మాత్రం కనిపిస్తాడు. ఈ వ్యవధి తగ్గిన తరువాత కూడా, కదిలే మనుషులు చాలా ఛాయాచిత్రాలలో మసక మరకలుగానే పడ్డారు. మోనే 1873–74లో చిత్రించిన ‘బులవార్ దే కాప్యుసీన్’లోని పాదచారులు ఇటువంటి నల్లని కుంచె గుర్తులే. విమర్శకుడు లూయీ లెరువా వాటిని ఎగతాళి చేశాడు. ఏరన్ షార్ఫ్ ‘ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ’ (1968) గ్రంథంలో ఈ పోలికను చర్చించాడు.

అయితే 1860ల నాటికే చిన్న స్టీరియో కెమెరాలు నడిచే మనిషిని అడుగు మధ్యలో స్పష్టంగా పట్టుకోగలిగాయి. అంటే మోనే కాలానికి రెండు రకాల ఛాయాచిత్రాలూ వాడుకలో ఉన్నాయి. కాబట్టి ఆ అస్పష్టతను కెమెరా విధించిన లక్షణంగా కాక, చిత్రకారుడు ఎంచుకొన్న పద్ధతిగా గ్రహించాలి.

3. చట్రం

దెగా 1875లో చిత్రించిన ‘ప్లాస్ ద లా కాంకోర్డ్’లో లెపిక్ ప్రభువు, ఆయన కుమార్తెలు చెరొక దిక్కుకు తిరిగి ఉంటారు. ఎడమ అంచున ఒక వ్యక్తి దేహం సగానికి తెగిపోతుంది. మధ్యభాగం చాలావరకు ఖాళీ. దీనిని ఛాయాచిత్ర ప్రభావంగా పేర్కొనడం పరిపాటి. కాని దెగా స్వయంగా కెమెరా చేపట్టి తీవ్రంగా కృషి చేసినది 1895లో. అంచున ఆకృతులను తెంపే పద్ధతి, అప్పటికే పారిస్‌కు చేరిన జపాన్ దారుముద్రణ చిత్రాలలోనూ ఉంది. కాబట్టి ఇక్కడ ఒకే మూలాన్ని నిర్ధారించలేము.

గుర్రాల విషయంలో ఆధారం దృఢమైనది. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ముందుకూ వెనుకకూ చాచి గాలిలో తేలుతుందని చిత్రకారులు అంతకుముందు చిత్రించేవారు. కాళ్లు నేలను వీడే క్షణంలో అవి పొట్ట కిందికి ముడుచుకొని ఉంటాయని మైబ్రిడ్జ్ 1878లో తీసిన వరుస చిత్రాలు చూపాయి. మైబ్రిడ్జ్ 1887లో ప్రచురించిన చిత్రాలను చూసి దెగా గీసిన రేఖాచిత్రాలు లభిస్తున్నాయి.

4. వర్ణం

నాటి ఛాయాచిత్రం వర్ణరహితం. పైగా అప్పటి పలకలు నీలికాంతికి అతిగా స్పందించి, ఎరుపు, పసుపులను దాదాపు గ్రహించేవి కావు. అందుచేత ఆకాశం తరచు తెల్లని ఖాళీగా మిగిలేది. సముద్రానికీ ఆకాశానికీ వేర్వేరు నెగటివ్‌లు తీసి, గుస్తావ్ ల గ్రే వాటిని ఒకే చిత్రంగా ముద్రించినది ఈ లోపాన్ని అధిగమించడానికే. ఆటోక్రోమ్ వర్ణపలకలు విపణిలోకి వచ్చినది 1907లో. మోనే గడ్డివాముల పరంపర (1890–91), రువాన్ చర్చి పరంపర (1892–94) అంతకుముందే వెలువడ్డాయి. ఒకే వస్తువు మీద గంటగంటకూ మారే వర్ణకాంతులు ఈ చిత్రాల ఇతివృత్తం. ఆనాటి కెమెరాకు అందని రంగం ఇదే.

5. ముగింపు

మైబ్రిడ్జ్, దెగాల విషయంలో ప్రత్యక్ష స్వీకరణ ఉంది. మోనే వీథి చిత్రంలో ఉన్నది సాదృశ్యం, ఎంపిక. వర్ణం విషయంలో ఛాయాచిత్రం విడిచిన చోటును చిత్రకళ విస్తరించుకొంది. ఈ మూడింటినీ ‘ప్రభావం’ అనే ఒకే మాటతో సూచిస్తే వాటి మధ్య భేదం మరుగున పడుతుంది. కాలక్రమాన్నీ లభ్యమైన ఆధారాన్నీ సరిచూసిన తరువాతనే సాదృశ్యాన్ని ప్రభావంగా నిర్ణయించాలి. తులనాత్మక సాహిత్య పరిశోధనకూ ఈ నియమం వర్తిస్తుంది.