తూము దగ్గర ఒక్కడే ఉంటే...

చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉన్న ప్రతి రైతూ 'లినక్స్' వాడుతున్నట్లే. ఆ పేరు ఎన్నడూ వినకపోయినా సరే. ఫోనును అడుగు నుంచి నడిపించే ఈ ప్రోగ్రామును వేలాది మంది కలిసి రాశారు. రాసిందంతా బహిరంగమే. ఎవరైనా చూడవచ్చు, దిద్ది పంపవచ్చు. ఇలాంటి వాటినే 'ఓపెన్ సోర్స్' అంటారు. ఊరంతా కలిసి తవ్వుకున్న చెరువు వంటిదన్నమాట.

చెరువు అందరిదే అయినా తూము దగ్గర నీరటి ఉండాలి కదా! 1991లో ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను మొదలుపెట్టారు. దిద్దుబాట్లు పంపేవారు ఏటేటా పెరిగారు. చూసి కలపడానికి మాత్రం ఆయన ఒక్కరే. పంపినవి అతీగతీ లేకుండా పోతున్నాయని, పంపిందే మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తోందని 1998లో తోటివారు గొడవకు దిగారు. చాకిరీ చేసేవారికి కొదవ లేదు. ఇరుకంతా తూము దగ్గరే.

క్రమంగా పని పంచారు. ఇప్పుడు ఒక్కో విభాగానికి బాధ్యులున్నారు. దిద్దుబాటు ముందు వారి వద్దకే వెళుతుంది. వారు పరిశీలించి, తమ పేరు రాసి పైకి పంపుతారు. టోర్వాల్డ్స్ ప్రతి అక్షరం చదవరు. పంపిన మనిషి మీద నమ్మకంతో కలుపుతారు. కొత్తవి తీసుకునేది రెండు వారాలే. ఆపైన ఏడెనిమిది వారాలు తప్పులు ఏరడమే పని. గడువు దాటితే ఎంత గొప్ప మార్పయినా మరుసటి విడతకే!

మార్పుల లెక్క చూసుకునే 'గిట్'ను 2005 ఏప్రిల్‌లో టోర్వాల్డ్సే రాశారు. జులైలోనే దాని పెత్తనం జునియో హమానోకు అప్పగించారు. 2018 సెప్టెంబరులో తన దురుసు ప్రవర్తనకు క్షమాపణ చెప్పి, కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నారు. పని ఆగిందా? లేదు. 4.19 వెర్షన్‌ను గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ విడుదల చేశారు.

అన్నిచోట్లా ఇలా లేదు. ఫైళ్లను కుదించే 'ఎక్స్‌జెడ్' అనే చిన్న ప్రోగ్రాము లోకంలోని లెక్కలేనన్ని సర్వర్లలో ఉంది. దాని ఆలనాపాలనా ఏళ్ల తరబడి ఒకే మనిషిది. అదీ జీతం లేకుండా. పని ఆలస్యమవుతోందని, మరొకరిని చేర్చుకోవాలని 2022లో కొందరు ఆయనను సతాయించారు. అప్పటికే సాయం చేస్తున్న ఓ అపరిచితుడు మెల్లగా నమ్మకం సంపాదించి పగ్గాలు అందుకున్నాడు. 2024 ఫిబ్రవరిలో అందులో దొంగదారి పెట్టాడు. అతడి అసలు పేరేమిటో లోకానికి నేటికీ తెలియదు.

మార్చి నెలాఖరులో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకు సర్వరులోకి ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానం వచ్చింది. కూపీ లాగితే గుట్టు రట్టయింది. అప్పటికి అది చాలావరకు పరీక్ష వెర్షన్లలోకే చేరడం అదృష్టం.

దొంగదారిని తీసేసి, 2024 మేలో శుభ్రమైన వెర్షన్ విడుదల చేసింది అలసిపోయిన ఆ పాత మనిషే.