విజ్ఞాన సర్వస్వములో క్రొత్త పరిశోధనకు చోటేల లేదు?

గవర్నర్‌పేటలోని ఒక విద్యార్థి బందరు కాలువ నీటిని పరీక్షించి క్రొత్త సంగతి కనుగొన్నాడనుకొందము. దానిని తిన్నగా తెలుగు వికీపీడియాలో వ్రాసినచో, మౌలిక పరిశోధనలు కూడవను నియమముచే తొలగింతురు. 2003లో ప్రారంభమైన ఈ అంతర్జాల విజ్ఞాన సర్వస్వమున కిట్టి పట్టుదల యేల?

విద్యార్థి అసత్యమాడెనని కాదు. అచట ఎవరైనను వ్రాయవచ్చును; ప్రయోగమును మరల చేసి సరిచూచు ఏర్పాటు లేదు. వ్రాసినదానిని ముందే అచ్చయిన నమ్మదగిన రచనలతో పోల్చుకొనుటయే చదువరికి గల రక్ష.

మరి క్రొత్త సత్యము లోకమునకు తెలియుటెట్లు? భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో ఫిస్కేతో కలిసి, కండరములలో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొని 1927లో 'సైన్స్' పత్రికలో ప్రకటించెను. ఆ సంవత్సరమే లండనులో ఎగిల్‌టన్ దంపతులు వేరుగా పరిశోధించి, దానినే మరియొక పేరుతో వెల్లడించిరి. ఇట్లు పరీక్షకు నిలిచినందుననే నేడది పాఠ్యగ్రంథములలో కలదు.

కనుక విద్యార్థి తన కొలతలను పారవేయనక్కరలేదు. ఉపాధ్యాయునికి చూపి, మరల కొలిచి, పరిశోధన పత్రికకు పంపవలెను. అది అచ్చయి నిలిచిననాడు, వేరొకరే దానిని విజ్ఞాన సర్వస్వమున చేర్తురు.