బదరీవృక్షము క్రింద ఏలీయా: అలసిన సేవకునితో దేవుడు వ్యవహరించిన విధము

"ఎలా ఉన్నారు అయ్యగారూ?" అని ఎవరైనా అడిగితే "దేవుని కృప, బాగున్నాము" అనే జవాబు మన నోట ఆలోచన లేకుండానే వస్తుంది. ఇరవై ఆరు సంవత్సరముల పరిచర్యలో నేనూ ఇదే జవాబు ఇస్తూ వచ్చాను. కొన్నేళ్ల క్రితము ఒక భూస్థాపన కూడికలో, సమాధి యొద్ద నిలిచి, చనిపోయిన సహోదరుని పేరుకు బదులు అంతకు ముందు వారము భూస్థాపన చేసిన మరొకరి పేరు పలికాను. ఆయన కుమారుడు నా చెయ్యి తాకి మెల్లగా సరిచేశాడు. ముందు రోజు ఆదివారము. రెండు ఆరాధనలు, ఒక ప్రధానము, రెండు గృహకూడికలు, రాత్రి ఆసుపత్రిలో ప్రార్థన, మధ్యలో ఆగని ఫోను. అలసటే కారణమని నాకు తెలుసు. అయినను సంఘ పెద్దలతో "గుంపులో గందరగోళపడ్డాను" అని చెప్పి తప్పించుకున్నాను. పొరపాటుకంటె ఆ మాట నన్ను ఎక్కువగా బాధించింది. అప్పుడు 1 రాజులు 19వ అధ్యాయమును తిరిగి చదివాను.

కర్మెలు పర్వతము మీద విజయము ముగిసిన వెంటనే ఈ అధ్యాయము మొదలగుట గమనించవలెను. యెజెబెలు పంపిన ఒక్క కబురుకు ఏలీయా బెయేర్షెబాకు పారిపోయాడు. దాసుని అక్కడ విడిచి, ఒంటరిగా ఒక దిన ప్రయాణము అరణ్యములోనికి వెళ్లాడు. అతడు కూర్చున్న చెట్టును మన తెలుగు బైబిలు బదరీవృక్షము అన్నది. బదరి అంటే రేగు. హెబ్రీ మూలములో ఉన్న మాట 'రోతెం'. ఇది నెగెవు, సీనాయి ఎడారులలో ఎండిన వాగుల వెంట పెరుగు పొద. చీపురు పుల్లలవంటి కొమ్మలు, నామమాత్రపు ఆకులు, పలుచని నీడ. ఆ నీడలో ప్రవక్త తనకు చావు కావాలని, తాను తన పితరులకంటె ఎక్కువవాడు కాడని చెప్పుకున్నాడు (19:4). బయలు ప్రవక్తలను ఒంటరిగా ఎదుర్కొన్నవాడు దేవుని ఎదుట తన బలహీనతను దాచలేదు.

దేవుడు అతని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, అతడు మరల పండుకొంటే మరల లేపి భోజనము పెట్టాడు. ప్రయాణము అతని శక్తికి మించినదని దూతయే ఒప్పుకున్నాడు (19:7). మనమైతే ఆ స్థలములో విశ్వాసమును గూర్చి మూడు అంశముల ప్రసంగము చేసి ఉండేవారము!

హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త 1974లో ఇటువంటి స్థితిని గూర్చి వ్రాస్తూ 'బర్నవుట్' అనే మాట వాడాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ దీనిని వ్యాధిగా కాక, అదుపు చేయబడని దీర్ఘకాల పని ఒత్తిడి ఫలితముగా వివరించింది. శక్తి హరించిపోవుట, పనిపట్ల విముఖత, సామర్థ్యము తగ్గుట దాని లక్షణములు. మూడును కాపరులకు పరిచితమైనవే.

అయితే వాక్యభాగము విశ్రాంతితో ఆగదు. హోరేబులో ఏలీయా, తాను ఒక్కడే మిగిలానని రెండు సార్లు, ఒకే మాటలలో మొరపెట్టాడు (19:10, 14). ఇది నిజము కాదు. నూరుమంది ప్రవక్తలను గుహలలో దాచి పోషించానని ఓబద్యా స్వయముగా అతనితోనే చెప్పి ఉన్నాడు (18:13). ఏలీయాకు తెలుసు, కాని అలసినవానికి తన భారము తప్ప మరేమియు కనిపించదు. "నేను లేకపోతే సంఘము నడవదు" అని మనము పైకి అనము. ఫోను ఆపలేని చేతులు ఆ మాట అంటూనే ఉంటాయి.

ఆ రెండు మొరల మధ్యనే నెమ్మదియైన స్వరము వినబడింది. హెబ్రీలో 'కోల్ దెమామా దక్కా', అనగా సన్నని నిశ్శబ్దపు ధ్వని. ఎన్నో ప్రసంగములు ఇక్కడే ముగుస్తాయి. కాని ఆ స్వరము విన్న తరువాత కూడ ఏలీయా జవాబు ఒక్క ముక్కయైనా మారలేదు! అప్పుడు దేవుడు అతనికి మూడు పనులు అప్పగించి తిరిగి పంపాడు, ఇంకను ఏడువేలమంది ఉన్నారని తెలియజేశాడు.

ఆ మూడు పనులలో ఏలీయా స్వయముగా చేసినది ఒక్కటే: ఎలీషా మీద తన దుప్పటి వేయుట. హజాయేలు సంగతి ఎలీషా చూశాడు (2 రాజులు 8:13). యెహూను అభిషేకించినది ప్రవక్తల శిష్యులలో ఒకడు, అతని పేరైనా వ్రాయబడలేదు (2 రాజులు 9:1-6). దేవుడు ఒకనికి చెప్పిన పని అతని తరువాతివారి చేతులలో నెరవేరింది.

ఈ అధ్యయనము తరువాత నేను పెద్దల కూడికలో అసలు సంగతి చెప్పాను. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత విశ్రాంత ఉపాధ్యాయుడైన ఒక పెద్ద, బుధవారపు గృహకూడికలు తాను చూస్తానన్నాడు. ఆయన ప్రసంగము నాకంటె పొడవు, పాటలు మరీ నెమ్మది. అయినను ఇళ్లవారు ఆయన కొరకు ఎదురు చూస్తున్నారు. అది విన్నప్పుడు మొదట నాకు కలిగినది సంతోషము కాదని ఒప్పుకోవలెను. సోమవారము ఇంటిలో ఉంటున్నాను. ఫోను మా ఇంటివారి యొద్ద ఉంటుంది, మధ్యాహ్నము వరకు అడగకుండ ఉండగలుగుతున్నాను.