కాలకుండా పోతున్న డీజిల్ ఎంత?

డీజిల్ పైపుకు బిగించే అయస్కాంతం, ట్యాంకులో వేసే మాత్ర, నీటి నుంచి హైడ్రోజన్ తీసే డబ్బా. ఇవి అమ్మేవాళ్లందరి మాటా ఒకటే: డీజిల్ సగం కాలీ కాలక సైలెన్సర్‌లోంచి పోతోంది, మేం పూర్తిగా కాలుస్తాం, మైలేజీ 20 శాతం పెరుగుతుంది. అసలు పొరపాటంతా ఆ మొదటి మాటలోనే ఉంది. బాగున్న డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం 98 శాతానికి పైగా కాలిపోతుంది. మిగిలిన ఆ కాస్తలోంచి 20 శాతం ఎలా వస్తుంది? నష్టం జరిగేది కాలాకే. పుట్టిన వేడిలో లారీ ఇంజిన్ పనికి తెచ్చుకునేది సుమారు 40 శాతం. తక్కినది పొగతోనూ, రేడియేటర్ నీళ్లతోనూ పోతుంది. దాన్ని అయస్కాంతం వెనక్కి తేలేదు. హైడ్రోజన్ డబ్బాకు కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటర్, దాన్ని తిప్పేది మళ్లీ ఆ డీజిలే. ప్రతి మెట్టులోనూ కొంత పోతుంది కనుక వచ్చేది పెట్టినదానికన్నా తక్కువే. నల్లపొగ కనిపిస్తోంది కదా అంటారు. పిసరంత మసి చాలు, పొగంతా నల్లబడటానికి. అది మరీ ఎక్కువైతే చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్‌నీ, ఇంజెక్టర్లనీ.

బిగించాక మైలేజీ నిజంగానే పెరిగిందనేవాళ్లు అబద్ధమాడుతున్నారని నేననను. డబ్బు పెట్టి కొన్నాక డ్రైవర్ పెడల్ మెల్లగా తొక్కుతాడు, టైర్లలో గాలి చూస్తాడు. లోడు, దారి, ఎదురుగాలి రోజుకోలా ఉంటాయి. అందుకే అమెరికాలో ఎస్ఏఈ జే1321 అనే పద్ధతిలో ఒకేలాంటి రెండు లారీలను కలిపి నడుపుతారు, ఒకదాన్ని మార్చకుండా ఉంచి, ట్యాంకులను తూకం వేసి పోలుస్తారు. కార్ల మైలేజీ పెంచుతాయన్న వందకు పైగా సాధనాలను అక్కడి పర్యావరణ సంస్థ పరిశీలించింది. చెప్పుకోదగ్గంత పెంచినది ఒక్కటీ లేదు. డీజిలే పెద్ద ఖర్చయిన లారీ యజమానికి ఇలాంటి తూకం చూపమని అడిగే హక్కుంది.

ఇక గట్టి అభ్యంతరం: ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే తీరును మార్చే చిప్ పెడితే లాభం ఉంటుంది కదా? కొన్నిసార్లు ఉంటుంది. ఇంజెక్షన్ కాస్త ముందుగా జరిగితే డీజిల్ ఆదా అవుతుంది, కానీ ఊపిరితిత్తులను దెబ్బతీసే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. హైవే మీద తమ ఇంజిన్లు ఇలా నడిచేలా చేశాయన్న ఆరోపణ మీదే 1998లో అమెరికాలో ఏడు ఇంజిన్ కంపెనీలు కలిసి 8 కోట్ల 34 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకున్నాయి. 2020 ఏప్రిల్ నుంచి మన దగ్గర వచ్చిన బీఎస్6 కాలుష్య ప్రమాణాల లారీల్లో ఆ నైట్రోజన్ ఆక్సైడ్లను యూరియా ద్రావణం శుభ్రం చేస్తుంది. అందువల్ల ఇంజిన్‌ను పొదుపుగా అమర్చే వీలు కంపెనీకే వచ్చింది. చిప్‌కు మిగిలిన చోటు ఇంకా తగ్గింది.