మత్తులో గుండె లయ తప్పుతుందా? 1889లోనే శోధించిన హైదరాబాదు

ఉప్పల్: ఆపరేషను అనగానే కత్తికంటే మత్తుమందుకే ఎక్కువగా జంకేవారు పల్లెల్లో నేటికీ ఉన్నారు. మత్తు ఎక్కితే మళ్ళీ లేస్తాడో లేదోనని ఆసుపత్రి వరండాలో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకునే ఆడవారిని చూస్తూనే ఉంటాం. ఈ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడానికి వీల్లేదు. మత్తుమందు గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అని పెద్ద పెద్ద డాక్టర్లే ఏళ్ళ తరబడి వాదులాడుకున్నారు. ఆ వాదంలో ఒక ముఖ్య ఘట్టం మన హైదరాబాదులోనే జరిగింది.

సికింద్రాబాదులో 1897లో రోనాల్డ్ రాస్ మలేరియా దోమ గుట్టు విప్పిన సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. అంతకు ముందే జరిగిన క్లోరోఫారం పరిశోధనను మాత్రం నగరవాసులే మరిచిపోయారు.

క్లోరోఫారం 1847లో వాడుకలోకి వచ్చింది. మరుసటి ఏడాది జనవరిలోనే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ళ బాలిక కాలిగోరు తీయించుకోబోయి, ఆ మందు పీల్చిన కొద్ది నిమిషాల్లోనే చనిపోయింది. తర్వాత ఇలాంటి మరణాలు అనేకం జరిగాయి. హైదరాబాదు మెడికల్ స్కూలును నడిపిన రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ మాత్రం ఆగేది ముందుగా ఊపిరేనని, దాన్ని కనిపెట్టి ఉంటే చాలునని నమ్మాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చు భరించగా 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు కమిషన్లు పనిచేశాయి. రెండోదానికి లండను నుంచి లాడర్ బ్రంటన్ అనే నిపుణుడు వచ్చాడు. నాలుగు వందలకు పైగా కుక్కలు, కోతులు, ఇతర జంతువులపై ప్రయోగాలు చేసి, లారీ మాటే నిజమని తేల్చారు. గుండెకు ముప్పు ఉందనుకుంటూ వచ్చిన బ్రంటన్ సైతం ఆ అభిప్రాయం మార్చుకున్నాడు.

ఆ స్కూలులో చదివిన పార్సీ మహిళ రూపాబాయి ఫర్దూంజీ క్లోరోఫారం ఇవ్వడంలో ఆరితేరి, ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరుగా పేరు పొందారు. అఫ్జల్‌గంజ్‌లోని నాటి ఆసుపత్రి 1908 మూసీ వరదలో పోయింది. దాని స్థానంలో వచ్చిందే ఉస్మానియా ఆసుపత్రి.

అయితే హైదరాబాదు తీర్పు సగమే నిజం. 1911లో లెవీ అనే ఇంగ్లండు డాక్టరు పిల్లులపై ప్రయోగం చేసి, మత్తు పలుచగా ఉన్నప్పుడే గుండె హఠాత్తుగా దెబ్బతింటుందని చూపాడు. భయం వేసినా, నొప్పి కలిగినా ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది. క్లోరోఫారం తగిలిన గుండె దాన్ని తట్టుకోలేదు. ‘కొంచెమే ఇద్దాం, క్షేమం’ అనుకున్న చోటే ప్రాణం పోయిందన్నమాట!

గుండెలో పైభాగాన ఒక చిన్న కణాల ముద్ద క్షణక్షణం సన్నని విద్యుత్తును పుట్టిస్తుంది. నాట్లు వేసేటప్పుడు ఒకరు పాట అందుకోగా అందరూ ఒక్కసారి వంగినట్టు, ఆ సంకేతానికి కండరమంతా ఒక్కటై ముడుచుకుంటుంది. సోడియం, పొటాషియం, కాల్షియం కణాల్లోకి వచ్చి పోయే దారుల వల్లే ఇది సాగుతుంది. మత్తుమందులు ఆ దారులనే తాకుతాయి. లయ చెదిరితే ఏ పోగుకు ఆ పోగు విడివిడిగా వణుకుతుంది, రక్తం కదలదు. మనిషికి మిగిలేది నిమిషాలే.

క్లోరోఫారం ఎప్పుడో మూలపడింది. నేటి మందులు దానికంటే ఎంతో క్షేమమైనవే గాని, వాటికీ గుణాలున్నాయి. ప్రోపోఫాల్ రక్తపోటును, ఒక్కోసారి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. కాన్పు ఆపరేషనుకు వెన్నులో ఇచ్చే సూదితోనూ అలా జరగవచ్చు. నరం పక్కన పడవలసిన బుపివకెయిన్ పొరపాటున రక్తంలోకి ఎక్కువగా పోతే గుండె విద్యుత్తునే అడ్డుకుంటుంది. అందుకే నాచారం ఫ్యాక్టరీ కార్మికుడైనా, ఊరి నుంచి ఉప్పల్ వచ్చిన రైతైనా, బల్లపై పడుకోగానే ఛాతీకి ఇ.సి.జి. తీగలు, వేలికి క్లిప్పు తగిలిస్తారు. తీగలు గుండె లయను, క్లిప్పు రక్తంలోని ఆక్సిజన్‌ను చూపుతాయి. లారీ కాలంలో ఈ ఇ.సి.జి. లేకపోయింది.

ముందురోజు మత్తు డాక్టరు అడిగే ప్రశ్నలకు చాలామంది ముక్తసరిగా జవాబిస్తారు. తాగుడు సంగతి, వాడే మాత్రల సంగతి దాచిపెడతారు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో నిలుచున్నవారు నిలుచున్నట్టే కూలిపోయి చనిపోతే ‘గాలి సోకింది’ అని ఊరుకోవడం మనకు అలవాటు. అది వంశంలో వచ్చే గుండె విద్యుత్తు లోపం కావచ్చు. పీల్చే మత్తుమందు సెవోఫ్లూరేన్ అలాంటి గుండెకు ముప్పు పెంచవచ్చు. ఆ చావు సంగతి డాక్టరుకు ముందే తెలిస్తే, మందు మార్చుకునే వీలుంటుంది.